ఊరికే నిలబడే ఉద్యోగం

ఆమెను అందరూ రంపమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆమెకూ దాంతో పెద్దగా పనిపడదు. ఊళ్లోకల్లా పెద్ద పార్కులో చెట్ల కొమ్మలు కోసే పని ఆమెది. మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. ఉండేది అన్నావదినలతో. ఆ వదినే పార్కులో కూడా ఆమెకు జోడీ.

ఇంట్లో ఈ ఇద్దరికీ క్షణం పడదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఆరిన బట్టలు మడతపెట్టే తీరు దాకా దేనికైనా పేచీయే. మధ్యలో అన్న నోరు మెదపడు. ఆయన ఆరోగ్యం అంత బాగుండటానికి కారణం అదే అయి ఉండాలి.

గడరంపం చూడనివాళ్లకు దాని సంగతి కాస్త చెప్పాలి. రెండు నిలువుల పొడవున్న గడకు ఒక చివర చిన్న పెట్రోలు ఇంజను, రెండో చివర పళ్లున్న గొలుసు ఉంటాయి. దాన్ని పట్టీతో భుజానికి తగిలించుకుని, నేలమీద నిలబడే పైనున్న కొమ్మను కోయాలి. నిచ్చెన ఎక్కే పనిలేదు కాబట్టి ప్రమాదమేముందిలే అనుకుంటారు చాలామంది. మనిషి పడదు, నిజమే. కొమ్మ పడుతుంది. అది మనల్ని అడిగి పడదు.

అందుకే రంపమ్మ ఏనాడూ కొమ్మ కింద నిలబడదు. గడను ఏటవాలుగా పట్టుకుని పక్కనుంచి కోస్తుంది. పొడుగు కొమ్మను ఒక్కసారిగా కోసెయ్యదు, కొసనుంచి ముక్కలు ముక్కలుగా తగ్గించుకుంటూ వస్తుంది. మొదలు దగ్గరికొచ్చాక ముందు కిందివైపు చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తుంది. లేకపోతే కొమ్మ తన బరువుకు చెట్టు బెరడంతా చీల్చుకుంటూ ఊడిపోతుంది. దగ్గర్లో కరెంటు తీగ కనబడిందంటే ఎవరెంత బతిమాలినా రంపం బయటికి తీయదు.

ఇదంతా ఆమె చేతిలో ఉన్న జాగ్రత్త. ఆమె చేతిలో లేనిది ఒకటుంది. చెవులకు కప్పులు, మొహానికి జాలీ, పక్కనే ఇంజను మోత. పని మొదలైతే ఆమెకు ఎవరి మాటా వినబడదు, కోసే కొమ్మ తప్ప ఏదీ కనబడదు. మిగతా లోకాన్ని చూసేది వదిన. చెట్టుకు బాగా ఎడంగా చుట్టూ తాడు కట్టి, ఆ తాడు బయట, ఆడపడుచుకు కనబడే చోట నిలబడుతుంది. బంతి వెనక పరుగెత్తే పిల్లల్నీ, ఫోనులో మొహం పెట్టి నడిచే పెద్దల్నీ, ఎవర్నీ తాడు దాటనివ్వదు. ఇంజను చల్లారకముందే పెట్రోలు పోయబోతే డబ్బా లాక్కుంటుంది. ప్రతి ఆఖరి కోతకు ముందూ రంపమ్మ తల తిప్పి ఆమెను చూస్తుంది. చెయ్యి కిందికి ఉంటే కోస్తుంది, పైకెత్తితే ఆపేస్తుంది. ఎందుకని అడగదు. ఇంట్లో మంచినీళ్లిచ్చినా ఎందుకని అడిగే మనిషి.

పోయిన నెల ఇంటికి చుట్టాలొచ్చారు. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ, "నీ ఆడపడుచు కొమ్మలు కోస్తుంది సరే, నువ్వేం చేస్తావమ్మా?" అని వదినను అడిగింది. ఆమె జవాబు చెప్పేలోపే రంపమ్మ అందుకుంది.

"మా వదినకేం పిన్నీ, ఊరికే నిలబడితే జీతమిస్తారు."

అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది, ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మర్నాడు సూపర్‌వైజరును అడిగి నర్సరీకి మారిపోయింది. నీడపట్టున కూర్చుని సంచుల్లో మట్టి నింపి మొక్కలు నాటే పని.

నోరు జారానని రంపమ్మకు ఆ పూటే తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. లోకంలో ఎవర్నయినా ఏమైనా అనగలిగే ఆ నోటికి ఆ ఒక్క మాటా రాలేదు. "పోతే పోనీ. నిలబడటానికి ఎవరైతేనేం?" అని బింకంగా అనేసింది.

వదిన చోటులోకి స్టోర్‌రూమ్ నుంచి ఒకాయన వచ్చాడు. పాపం మంచివాడు, చేతులు ముడుచుకుని కూర్చోలేని మనిషి. మొదటి రోజే బకెట్లన్నీ కడిగి బోర్లించాడు. తాడు బయటే నిలబడాలని, చెయ్యెత్తి సైగ చెయ్యాలని రంపమ్మ చెబితే బుద్ధిగా తలూపాడు.

వారం గడిచాక ఒకరోజు, పార్కులో పేపర్లు చదువుకునే గది వెనకున్న చెట్టు పని పడింది. దారి మీదికి వాలిన ఎండుకొమ్మ ఒకటి తీసెయ్యాలి. కొసలు ముక్కలుగా రాలాయి. మొదలు దగ్గర కింది గాటు పడింది. రంపాన్ని పైకి మార్చి, ఆఖరి కోతకు ముందు అలవాటుగా తల తిప్పింది. ఆ చోటు ఖాళీగా ఉంది.

మీట మీద రంపమ్మ వేలు సడలింది, గొలుసు ఆగింది. జాలీ పైకి తోసి చూసింది. సరిగ్గా కొమ్మ కింద ఆయన వంగుని, రాలిన పుల్లల్ని చక్కగా మోపు కడుతున్నాడు. టోపీ అంచు మాత్రమే కనబడుతోంది. ఆమె ఇంజను ఆపి, గడను మెల్లగా పక్కకు దించి నేలమీద పెట్టింది.

"అన్నా, ఆ పుల్లలు అక్కడే వదిలేసి ఇటు రండి" అంది. కేకెయ్యలేదు. కేకేస్తే ఆయన అక్కడే ఆగి పైకి చూస్తాడని భయం.

ఆయన వచ్చి, ఆమె చూపించిన కొమ్మ వంక తలెత్తి చూశాడు. మొహంలో రంగు మారింది.

"ఊరికే నిలబడితే బాగోదనిపించిందమ్మా" అన్నాడు. "చూసేవాళ్లు ఏమనుకుంటారు, వీడికి నిలబడినందుకు జీతమా అని?"

రంపమ్మ ఆయన్ను తాడు బయట నిలబెట్టింది. "నేనొచ్చేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకండి. ఇంకే పనీ చెయ్యకండి, దండం పెడతా" అని చెప్పి నర్సరీ వైపు నడిచింది.

సగం దారిలో వదిన ఎదురొచ్చింది. చెప్పుల్లేవు, మోచేతుల దాకా మట్టి. వస్తూనే రంపమ్మ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఆపైన కాళ్లు చూసింది.

"ఇంజను మధ్యలో ఆగిపోయింది. కొమ్మ పడిన చప్పుడు రాలేదు" అంది. ఆయాసానికి మాట తెగుతోంది.

"నువ్వు నర్సరీలో కూర్చుని ఇదా వినేది?"

"మరేం వినను? వారం నుంచీ ఇదే. ఒక్క మొక్కా తిన్నగా నాటలేదు."

రంపమ్మ జరిగింది చెప్పింది. వదిన అంతా విని, మట్టిచేత్తోనే నుదురు తుడుచుకుంది. "పద, ఆ కొమ్మను అలా వదిలెయ్యకూడదు" అని ముందు నడిచింది. తాడు బయట తన చోట నిలబడింది. రంపమ్మ తల తిప్పి చూసింది, చెయ్యి కిందికే ఉంది. కొమ్మ తిన్నగా పడింది.

తర్వాత వదిన మళ్లీ నర్సరీకి వెళ్లిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర అన్న కంచం ముందు కూర్చున్నాడు. వదిన వడ్డిస్తోంది. రంపమ్మ ముద్ద కలిపి, తినకుండా అలాగే కూర్చుంది.

"అన్నయ్యా, ఆ రోజు నేనన్న మాట తప్పు" అంది చివరికి. "ఇవాళ ఒకాయన నా చేతిలో పోవాల్సింది. వదిన ఉండే చోటుకేసి చూడబట్టి ఆగాను. వదిన అక్కడ లేదు, అయినా అటే చూశాను."

అన్న తినడం ఆపాడు.

"ఇంకెవరు నిలబడినా నాకు ధైర్యం చాలదు వదినా. చుట్టాలకు కూడా ఫోన్ చేసి చెప్తాను."

వదిన ఆమె కంచంలో ఇంకాస్త కూర వేసింది. అడక్కుండానే వేసింది, రంపమ్మ ఎందుకని అడగలేదు.

"నిన్ను చూస్తూ నిలబడితే ప్రతి కొమ్మకీ నాకు ప్రాణం పోయినట్టుంటుంది" అంది వదిన. "నర్సరీకి పోతే ఆ బాధ తప్పుతుందనుకున్నా. చూడకుండా కూర్చోవడం అంతకంటే కష్టంగా ఉంది. రేపు సూపర్‌వైజరుతో నేనే మాట్లాడతాలే. ముందు తిను."

రంపమ్మకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడుస్తూనే తింది.