మూడు పాచికల్లో లేచిన కోటగోడ

యూనివర్సిటీలో పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది ఒంటి కోసం నడుస్తారు. నేను లెక్క కోసం నడుస్తాను. తార్నాకలో మా గేటు నుంచి లోపలి సిమెంటు బల్లల దాకా రెండువేల మూడువందల పది అడుగులు. ఒక ఆదివారం ఆ బల్లల దగ్గర "పద్దెనిమిది! గోడ లేచింది!" అని అరుపులు వినబడి ఆగాను.

అరిచింది నలుగురు విద్యార్థులు. వాళ్లకు కథ చెబుతూ ఆట ఆడిస్తున్నది మా మేడమీద గదిలో అద్దెకుండే రీసెర్చి అమ్మాయి. కథలో నలుగురికీ తలా ఒక వేషం: ఒకడు సేనాపతి, ఒకతె మంత్రి, ఇంకొకడు మేస్త్రీ, మరొకతె వైద్యురాలు. ఎవరు ఏ పని తలపెట్టినా ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అయిపోయినట్టే.

"ఏ గోడమ్మా?" అన్నాను.

"కొండమీద కోటగోడ, అంకుల్. ఆరువందల అడుగుల పొడవు, ముప్పై ఎత్తు, పది మందం. వానలు ఆగంగనే శత్రువులొస్తరు."

"ఎన్నాళ్లు పట్టింది?"

"మూడు పాచికలు."

ఒళ్లు మండి, పెదవి విరిచి వచ్చేశాను. నేను పదో తరగతితో చదువు ఆపి, ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పాత ఎస్టిమేట్లు తిరగేసి రాయి, సున్నం, మనుషుల లెక్క సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. పట్టాలున్న ఇంజనీర్ల తప్పులు దిద్ది, సంతకానికి మళ్లీ వాళ్లకే పంపినవాణ్ణి. లక్షా ఎనభైవేల ఘనపుటడుగుల రాతికట్టడాన్ని వీళ్లు చాయ్ చల్లారేలోపు లేపేశారు. పైగా పీజీలట, పరిశోధనలట!

ఆ సాయంత్రం అమ్మాయి కిందికి దిగివచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"మీరు నవ్విపోయిన్రు. మావాళ్లు కూడా అదే మొదలుపెట్టిన్రు అంకుల్. అంత గోడ అంత అల్కగా అయితే ఇంక ఆడుడెందుకంటున్నరు. వచ్చే ఆదివారం కూడా ఇట్లనే ఉంటే మళ్ల రారట. ఏడాది నుంచి అల్లుకుంటొచ్చిన కథ."

"నేను నవ్వలేదు," అన్నాను. "కాగితాలు తెచ్చుకో."

కాగితాలు ఆమెవి, రాత నాది. తొమ్మిది పేజీలు వచ్చాయి. ఒక మేస్త్రీ రోజుకు ముప్పై ఘనపుటడుగులు కడతాడు. యాభైమంది మేస్త్రీలు, వాళ్లకు వందమంది కూలీలు, నూట ఇరవై రోజులు. సున్నం కలపడానికీ, కట్టిన గోడ తడపడానికీ కింది వాగు నుంచి ఎద్దుల మీద నీళ్లు. ఆ ఎద్దులకు గడ్డి, కుడితి. పాచికతో పనిలేకుండా గోడ దానంతటది లేచేలా రాశాను.

ఆదివారం బల్ల దగ్గర నిలబడి నేనే చదివాను. మూడో పేజీలో మంత్రి ఆవలించింది. ఐదో పేజీలో సేనాపతి సంచి భుజాన వేసుకుని, "ఇది ట్యూషన్ లెక్కనే ఉన్నది," అన్నాడు. అమ్మాయి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అంకె అంటే ఏమిటో తెలియని మూక అని నేను లోపల తిట్టుకుంటూ చదువుతూనే ఉన్నాను.

అంతవరకూ నోరు విప్పని మేస్త్రీ వేషం కుర్రాడు చెయ్యెత్తాడు.

"అంకుల్, ఒక్క నిమిషం. సున్నానికి నీళ్లు రాసిన్రు. గోడకు రాసిన్రు. ఎద్దులకు కుడితి కూడ రాసిన్రు. మరి మనుషులేం తాగాలె?"

పేజీలు వెనక్కి తిప్పాను. ముందుకు తిప్పాను. లేదు.

"అది సైటులో ఎవరో ఒకరు చూసుకుంటారు," అన్నాను.

"ఎవరంకుల్? మా అమ్మ స్లాబు పనికి పోయేది. గోడలు తడిపే పైపుకే నోరు పెట్టి తాగేది. మీరు చెప్పే ఆ ఎవరో ఒకరు ఎన్నడు రాలే."

ముప్పై ఏళ్లలో నేను రాసిన ఎస్టిమేట్లన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. ఒక్కదాంట్లోనూ ఆ పద్దు లేదు.

అమ్మాయి నిటారుగా కూర్చుంది. "నువ్వు మేస్త్రీవి గదా. ఇప్పుడేం చేస్తవ్?"

"ఏం చేస్త? పని బంద్. నూటయాభై మందిని తోల్కొని కొండ దిగిపోత."

"అట్లెట్ల పోతవ్‌రా?" వెళ్లబోతున్న సేనాపతి నిలబడ్డచోటు నుంచే అరిచాడు. "అవతల సైన్యం వస్తున్నది!"

"అయితే నువ్వు మొయ్యి సేనాపతీ, బిందె."

మంత్రి పగలబడి నవ్వి, "ఆగు, నేను మాట్లాడత," అని పాచిక అందుకుంది. నాలుగే పడింది, మాట చెల్లలేదు. పాచికంటే నాకు ఆవేళా గౌరవం లేదు, ఈవేళా లేదు. కానీ ఆ నాలుగుకు వాదన ఎంత వేడెక్కిందంటే సేనాపతి సంచి దించి, ముందుకు జరిగి కూర్చున్నాడు.

నేను మేస్త్రీ పక్కన చోటు చేసుకుని పదో పేజీ తీశాను. "ఎండాకాలం ఒక్కో మనిషికి ఎన్ని చెంబులు పడతాయి?" అని అడిగాను. అతను చెబుతుంటే రాసుకున్నాను.

మధ్యాహ్నానికి కొండమీంచి నూటయాభై మందీ దిగిపోయారు. బల్ల దగ్గర నుంచి ఒక్కరూ లేవలేదు.