తప్పు బొత్తానిదే

సింహాచలం కూతురు ప్రసన్నకి ఒకటే జబ్బు. లోకంలో ఎవరు ఏ తప్పు చేసినా అది చేసిన మనిషిది కాదంటుంది, వస్తువుదంటుంది.

ఒకసారి సింహాచలం తన టీలో పంచదార అనుకుని తనే ఉప్పు వేసుకున్నాడు. ఇంకో ఇంట్లో అయితే పెళ్లాం మీద కేకలు లేచేవి. ఈ పిల్ల మాత్రం రెండు డబ్బాలూ కిందికి దించి, పక్కపక్కన పెట్టి, పావుగంటసేపు వాటి మొహాలు చూసి, డబ్బాలు రెండూ ఒక్కలా ఉన్నాయి గనక నాన్న తప్పేమీ లేదని తీర్పు చెప్పింది. సాయంత్రానికల్లా ఉప్పు డబ్బాకి గరుకు తాడు చుట్టేసింది. ఆ ఊరి పోలయ్య ఒక సంతరోజు ఒక జీపు ఎక్కబోయి ఇంకో జీపు ఎక్కి కొండకి అవతల తేలాడు. ఊరంతా నవ్వింది. ప్రసన్న ఒక్కర్తే స్టాండుకి పోయి, జీపుల చుట్టూ తిరిగి, తప్పు జీపులదని తేల్చింది. మర్నాడు ఊరి జీపు తోలే గాసి బండి నెత్తిన పాత చీర ముక్కతో గళ్ల జెండా ఎగిరింది. ఏ పార్టీలో చేరావని గాసిని ముగ్గురు అడిగారు.

ఆ పిల్లది చింతపల్లి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ల చదువు, రెండో ఏడు. వెబ్‌సైట్లు కడుతుంది. కట్టి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఫోను పట్టుకుని వీధిలోకి వచ్చి, దొరికినవాళ్ల చేతిలో పెట్టి, నొక్కమంటుంది. నొక్కేవాళ్ల మొహం చూడదు, బొటనవేలు చూస్తుంది. వేలు ఎక్కడ పడింది, పడేముందు ఎంతసేపు గాలిలో ఆగింది, అన్నీ పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకం వీధి మలుపులో కనబడితే చాలు, రాళ్లగెడ్డ ఊరి జనానికి ఎక్కడెక్కడి పనులూ గుర్తొచ్చేవి.

పారిపోవడానికి వీల్లేనిది యర్రమ్మ ఒక్కర్తే. కిరాణా కొట్టు వదిలి ఎక్కడికి పోతుంది? అందుకని రోజూ కాలేజీ నుంచి రాగానే ప్రసన్న ఆ కొట్టు అరుగు మీద వాలేది.

“ఇందులో జీపు బొత్తాం నొక్కు మామ్మా.”

యర్రమ్మ నొక్కేది. ఫోను మూలన ఉన్న గడియారం మీద పడేది వేలు.

“తప్పు నీది కాదు మామ్మా, బొత్తానిది.”

“మరి దాన్నే తిట్టుకో. నానేటి సేత్తాను?”

ప్రసన్న ఇంటికి పోయి బొత్తాం మార్చేది. మర్నాడు మళ్లీ వచ్చేది. ఎండాకాలంలో రూపాయి కాసంత ఉన్న బొత్తాం, వానలు పడేసరికి పూరీ అంత అయింది, దసరా నాటికి అప్పడం అంత అయి కూచుంది. లేత నీలం పోయి ముదురు పసుపు వచ్చింది, వెనకాల కారు నలుపు వచ్చింది. కాలేజీలో సారు అది చూసి, ఇది వెబ్‌సైటా, గ్యాసు లారీ వెనక రాసే హెచ్చరికా అని అడిగి మార్కులు కోశారట. ఆ సంగతి కూడా ప్రసన్న నవ్వుతూనే చెప్పింది.

యర్రమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఏడాదిగా ఆవిడ కళ్ల ముందు ఎవరో గంజి పోసినట్టుంది. ఎండలోకి వస్తే మనుషులు కరిగిపోతున్నారు. సరుకంతా చేతి గుర్తు మీదే తీసి ఇస్తోంది. ఒకరోజు బిస్కట్లు అడిగిన పిల్లాడికి సబ్బు ఇచ్చేసింది, వాడు తెల్లబోతే, ముందు చేతులు కడుక్కోరా, తినడం తరవాత అని గదిమింది. రెండో తరగతి చదివి నలభై ఏళ్లు కొట్టు నడిపిన మనిషి. కళ్లు కనబడవని తెలిస్తే ఊరు జాలిపడుతుంది. జాలి ఆవిడ వంటికి పడదు.

నెలలో మొదటి గురువారం చింతపల్లికి కళ్ల డాక్టరు వస్తాడు. పది దాటితే చీటీలు ఇవ్వరు. అగ్గిపెట్టెల సరుకు కోసమని ఊళ్లో చెప్పి రెండు నెలలు వరసగా ఆ గురువారం యర్రమ్మ పొద్దున్నే జీపెక్కింది. గాసి జీపు పద్నాలుగు మంది నిండితే గానీ కదలదు. రెండుసార్లూ అది నిండేసరికి పదిన్నర. రెండుసార్లూ ఆవిడ అక్కర్లేని అగ్గిపెట్టెలు కొనుక్కుని తిరిగొచ్చింది. కొట్టులో ఇప్పుడు ఊరు తగలబెట్టడానికి సరిపడా అగ్గిపెట్టెలున్నాయి. పుష్యంలో డాక్టరు రాడు, ఈ మూడోసారి కూడా తప్పితే మళ్లీ వచ్చేది మాఘమాసంలోనే. అప్పటికి సొంత కొట్టు తాళం కూడా తడుముకోవాలి.

సరిగ్గా ఆ వారం సోమవారమే ప్రసన్న జీపు వెబ్‌సైటు తెరిచింది. జీపులో ఎంతమంది ఎక్కారో గాసి తన ఫోనులో నొక్కుతుంటాడు, ఆ అంకె ఇంట్లో కూచుని చూసుకోవచ్చు. జీపులో గంటలకొద్దీ మగ్గే పని లేదని ఊరు మురిసిపోయింది.

మంగళవారం ఆ మురిపెం తీరిపోయింది. అంకె పదమూడు అయ్యాక వెళ్తే సరిపోతుందని ప్రతివాళ్లూ ఇంట్లోనే కూచున్నారు. అందరూ కూచుంటే పదమూడు ఎక్కణ్నుంచి వస్తుంది? పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా అంకె సున్నా దగ్గరే నిలబడింది. గాసి ఒంటరిగా జీపులో కూచుని, చివరికి తనని తనే ఒకసారి లెక్కేసుకున్నాడు.

గురువారం ఆరింటికి యర్రమ్మ వెళ్లి జీపెక్కింది. అంకె ఒకటైంది. ఏడైనా ఒకటే. ఏడున్నరకి ప్రసన్న కాలేజీ సంచీతో వచ్చేసరికి యర్రమ్మ ముక్కుపుటాలు అదురుతున్నాయి.

“ఒలే గుంటా, ఊరి కాళ్లు ఇరగ్గొట్టీసేవే. ఇంటికాడ కూకుని నన్ను సూత్తన్నారు, సినిమా సూసినట్టు.”

గాసి కూడా మెల్లిగా అందుకున్నాడు.

“పాత పద్ధతే బాగుందమ్మా. జనం తిట్టుకుంటానైనా ఎక్కీవోరు.”

“నిజమే. మనుషుల తప్పేం లేదు, అంకెదే తప్పు. అది నేను పెట్టిందే,” అంది ప్రసన్న. ఇంకో మాట లేకుండా లాప్‌టాప్ తీసి జీపు బానెట్ మీద పెట్టింది. పొగమంచుకి తెర చెమర్చుతుంటే చున్నీతో తుడుచుకుంటూ టైపు కొట్టడం మొదలెట్టింది. మధ్యలో తలెత్తి గాసిని ఒక్క మాటే అడిగింది, జీపులో అందరికీ కావలసిన సీటు ఏదని. అదేం ప్రశ్న, డ్రైవరు పక్కదే అన్నాడు గాసి. వెనకాల మోకాళ్లు గడ్డాలకి తగులుతాయి, ముందు కూచున్నవాడు దొర.

ఎనిమిది దాటేసరికి అంకె మాయమైంది. దాని చోట జీపు బొమ్మ, అందులో పద్నాలుగు సీట్లు. నొక్కినవాళ్ల తువ్వాలు ఒక సీటు మీద పడుతుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం తెలియనివాళ్లు ఆ కొండ మీద లేరు. ముందు నొక్కినవాళ్లకి ముందు సీటు. పావుగంటలో మనిషి రాకపోతే తువ్వాలు ఎగిరిపోతుంది.

అయిదు నిమిషాలకి వీధుల్లో చెప్పుల చప్పుడు మొదలైంది. ఒకడు సగం గడ్డంతో, ఇంకొకడు చొక్కా చేతిలో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు పోలయ్య వచ్చి మొదటి తువ్వాలు తనదేనన్నాడు. గాసి ఫోను చూపించాడు. ముందు సీటు మీద అప్పటికే యర్రమ్మ పేరుంది.

“మామ్మ ఎప్పుడు నొక్కింది?” అన్నాడు పోలయ్య.

“ఆరింటి కాడ్నుంచి కూకున్నాను. తువ్వాలు దేనికిరా, నానే పడున్నాను గదా,” అంది యర్రమ్మ.

ఎనిమిదిన్నరకి జీపు కదిలింది. మలుపుల్లో గాసి జోరుగా తోలాడు. పదికి పది నిమిషాలుండగా చింతపల్లిలో దింపాడు. అగ్గిపెట్టెల షాపు ఎటో చూపించి ప్రసన్న కాలేజీకి పోతుందనుకుంది యర్రమ్మ. ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా కళ్ల డాక్టరు వరసలో నిలబెట్టింది.

లోపల డాక్టరు, చూపు ఎప్పట్నుంచి మందగించిందని అడిగాడు. తనకి అంతా బాగానే అగుపడుతోందని, ఊరికే వచ్చానని యర్రమ్మ చెప్పింది. ప్రసన్న పొడుగు నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది. డాక్టరు పేజీలు తిప్పుతూ పైకి చదివాడు. చైత్రంలో రూపాయంత బొత్తాం, నొక్కింది. జ్యేష్ఠంలో అదే బొత్తాం, దొరకలేదు. లేత రంగు ఏదీ కనబడలేదు. ఎండలో చూపు అసలు లేదు. తల కుడికి తిప్పి చూస్తోంది, కుడి కన్ను ఎక్కువ పోయి ఉండాలి. జీపు తొందరగా నిండాలి, మొదటి గురువారంలోగా.

డాక్టరు ఆ పుస్తకాన్ని ఇంకో డాక్టరుకి కూడా చూపించాడు.

యర్రమ్మ ప్రసన్న వైపు తిరిగింది.

“ఎరిగుండీ ఇన్నాళ్లూ బొత్తాన్ని తిట్టేవేటే?”

“బొత్తానికి సిగ్గుండదు కదా మామ్మా.”

పదిహేను రోజుల తేడాలో రెండు కళ్లకీ ఆపరేషన్లు అయ్యాయి. కట్లు విప్పి, మందులన్నీ అయ్యాక యర్రమ్మ కొట్టు తెరిచి, ముందుగా ప్రసన్న ఫోను అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది.

“ఇదేటే ఇంత సండాలంగా ఉంది? మీ సారు మార్కులు కోశాడంటే కొయ్యడేటి?”

ప్రసన్న నవ్వి, ఇవాళే బొత్తాం చిన్నది చేసి, రంగు మార్చేస్తానంది. యర్రమ్మ సరేననబోయి ఆగింది. ఎదురుగా పోలయ్య బీడీకట్ట కొనుక్కుని, దాని మీది బొమ్మని ముక్కుకి ఆనించి చూసుకుంటున్నాడు.

“ఉంచీ. ఒరే పోలయ్యా, ఇటు రా. ఇది నొక్కు.”

పోలయ్య నొక్కాడు. వేలు బొత్తానికి జానెడు దూరంలో, ఫోను దాటి, యర్రమ్మ మణికట్టు మీద పడింది. ఆవిడ నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లంతా అరుగు చుట్టూ ఊపిరి బిగబట్టారు. యర్రమ్మ నోటుపుస్తకం ఇటివ్వమని చెయ్యి చాచి, పెన్సిలు నాలుక మీద తడిపి, రెండో తరగతి అక్షరాలతో రెండు గీతలు మింగేసేంత పెద్దగా రాసింది: పోలయ్య. మాఘమాసం. ముందు సీటు.