నాన్న ముఖం అడ్డురాని అద్దం

పరిశోధనశాలలో ఆవిడకి చాటుగా పెట్టిన పేరు దుమ్మక్క. ఎదురుగా మాత్రం అందరూ మేడమ్ అనేవాళ్ళు. కంటికి ఆనని నలుసు కోసం ఆవిడ పడే యాతన చూస్తే ఎవరైనా ఆ పేరే పెడతారు. గాజుపలకని సబ్బునీళ్ళతో కడిగి, శుద్ధి చేసిన నీళ్ళలో జాడించి, వేడిగాలికి ఆరబెట్టి, చివరికి దాని మీద మెల్లగా నోటి ఆవిరి వదిలేది. ఆవిరి ఒకే తీరున పరుచుకుంటే గాజు శుభ్రం. చుక్కలు చుక్కలుగా నిలిచిందా, పని మళ్ళీ మొదటికే. ఆ మబ్బు కరిగి గాజు తేటపడేలోగా ఆవిడ ఎక్కడికో వెళ్ళిపోయేది. పిలిచినా పలికేది కాదు.

వెళ్ళేది చిన్ననాటి ఇంటికే. నాన్నది పటాలు కట్టే కొట్టు. ఊరందరి ఫొటోలకీ అద్దాలు బిగించిన ఆయన ఇంట్లో ఉన్నది మాత్రం ఒక్కటే పటం. నల్లటి తెర ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో అమ్మ, రెండోది ఖాళీ. ఆ పూట కొట్లో పని తెమలక నాన్న స్టూడియోకి వెళ్ళలేదు. ఇంకోసారి ఇద్దరం దిగుదాంలే అన్నాడట. ఆ ఇంకోసారి రాకుండానే అమ్మ పోయింది. పటానికి ఎదురుగా కిటికీ. పొద్దున్నే వెలుగు పడి అద్దంలో నాన్న మొహమే కనిపించేది.

"ఎటు నిలబడ్డా నా మొహమే అడ్డొస్తోందే" అని విసుక్కునేవాడు. పిల్ల ఆ మాట పట్టుకుంది. పట్టుకుంటే వదిలే రకం కాదు. పెద్దయ్యాక పరిశోధనశాలలో మొహం అడ్డురాని అద్దం చెయ్యడానికే పూనుకుంది.

గాలంతా లాగేసిన ఉక్కు గదిలో తెల్లటి పొడిని బాగా వేడిచేస్తే, అది ఆవిరై లేచి, పైన తలకిందులుగా వేలాడే గాజు మీద పొరగా కూర్చుంటుంది. వెంట్రుకని ఏడెనిమిది వందల పొరలుగా చీలిస్తే అందులో ఒక్కటి, అంతే. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుగూ, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుగూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక అద్దంలో ఎవరి మొహమూ కనబడదు. చెప్పడానికి ఇంతే, చెయ్యబోతే చుక్కలు కనబడ్డాయి. మొదట్లో చొక్కా గుండీ అంత గాజు మీదే కుదిరేది. పటమంత గాజు పెడితే పొర మందం ఒకేలా రాక మధ్యలో ఊదా, అంచుల్లో పసుపు. బాగా వచ్చిందని మురిసిపోయిన రోజున, గట్టిగా పట్టిందో లేదో చూద్దామని టేపు అంటించి లాగితే పొరంతా ఊడొచ్చేది. అది ఎందుకు ఊడుతుందో కనిపెట్టడంలోనే ఆవిడకి పేరొచ్చింది, జుట్టూ తెల్లబడింది.

"అలాంటి అద్దాలు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి కదా మేడమ్" అన్నారు విద్యార్థులు.

"కొంటే కొట్టువాడిచ్చినట్టవుతుంది. నేనిచ్చినట్టా?" అంది.

రిటైరయ్యే ముందు ఆ అద్దం కుదిరింది. టేపుకి చెక్కుచెదరలేదు. నాన్నే పాతది తీసి కొత్తది బిగించాడు. అసలు అద్దం ఉన్నట్టే లేదు. అమ్మ కనురెప్పలు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి.

"బాగుంది తల్లీ" అన్నాడు నాన్న. అనడం అన్నాడు గానీ ఆ పూట భోజనం సయించలేదు. మర్నాడు పొద్దున చూస్తే పటం ముందు ఏదో పారేసుకున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఏం నాన్నా, ఎక్కడైనా మచ్చ ఉందా?"

"మచ్చా లేదు, మన్నూ లేదు. నేను లేను."

ఆవిడకి అర్థం కాలేదు.

"పాత అద్దంలో కాస్త వంగి నిలబడితే నా మొహం వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో పడేదమ్మా. కుర్చీకి నా తలకాయ పెద్దదే అనుకో. రోజూ పొద్దున్నే కాసేపు ఇద్దరం కూర్చునేవాళ్ళం."

"అడ్డొస్తోందని విసుక్కునేవాడివిగా?"

"అది ఎప్పటి మాట. అప్పటికి నాకు నిలబడటం చేతకాలేదు."

ఏళ్ళ తరబడి కష్టపడి ఆవిడ నాన్నని అమ్మ పక్కనుంచి తుడిచేసింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో మాత్రం తేలలేదు.

ఆ వారమే ఇంకో గాజు కడిగింది. ఆవిరి వదిలి చూసుకుంది. ఈసారి సగం గాజుకి రేకు అడ్డం పెట్టి, అమ్మ వైపుకి మాత్రమే పొర ఎక్కించింది. విద్యార్థులు గుడ్లప్పగించి చూశారు. సగమే ఎందుకని దుమ్మక్కని అడిగే ధైర్యం ఎవరికుంది?

నాన్న ఆ అద్దాన్ని బిగించాడు. వంగాడు, అడుగు పక్కకి వేశాడు, ఆగాడు. అమ్మ పక్క కుర్చీలోకి ముసలాయన వచ్చి కూర్చున్నాడు. గాజు మీద ఆవిరి పడకుండా, అలవాటు కొద్దీ ఆవిడ ఊపిరి బిగబట్టి వెనకే నిలబడిపోయింది.

"అంత దూరంలో ఉన్నావేం?" అన్నాడు నాన్న, అద్దంలోంచి చూపు తిప్పకుండా. "కాస్త ముందుకి రా తల్లీ. నువ్వూ పడతావు."