అటో గీత, ఇటో గీత

డెబ్బైల చివర్లో ఒక మధ్యాహ్నం తిరువూరు బస్టాండులో బస్సు కోసం కూర్చుని కూర్చుని అలసిపోయాను. పక్కనున్నాయన ఓడలో వంటవాడట, సెలవు మీద వచ్చాడు. ఏదో రేవులో టీవీలో ఆడే ఆట ఆడాడట. అప్పటికి నేను టీవీయే చూడలేదు.

“తెర మీద అటో గీత, ఇటో గీత, మధ్యలో చుక్క. మన గీత జరుపుతూ, మనవైపొచ్చే చుక్కని ఎదుటివాడి వైపు తిరిగి కొట్టాలి. ఇంట్లో చెబితే కోతలంటున్నారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చిందండి.”

“అంతమాత్రం ఆటలో ఏముందండీ?”

“ఎదురుగా ఆడినవాడి భాష నాకు రాదు, నా భాష వాడికి రాదు. అయినా గంటసేపు నవ్వుకున్నాం. అది తయారుచేసినవాడు అక్కర్లేనిదేదీ పెట్టలేదు సార్.”

ఆయన సంచిలోంచి నిమ్మకాయ తీసి, బెంచీ మీద అరచేత్తో నావైపు కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే కిందపడింది. రెండోసారీ అంతే. ఈసారి నేనే వంగి తీసి ఆయనకిచ్చాను.

“మళ్ళీ కొట్టండి,” అన్నాను.