లెక్కలోకి రాని పరీక్ష

ఈశ్వరికి ఇంటర్‌లో వెయ్యికి ఎనిమిది వందల డెబ్బైమూడు వచ్చినాయి. బైపీసీ సబ్జెక్టులు అన్నీ గట్టెక్కినాయి. కానీ ఫోన్లో మెమో తెరిస్తే ఫలితం అన్నచోట పాసని లేదు. నెట్టు సరిగా లేదేమోనని రెండుసార్లు మూసి తెరిచింది. నెట్టు బాగానే ఉండాది. మొదటి సంవత్సరంలో రాయని పర్యావరణ విద్య పరీక్ష ఒకటి అట్లే మిగిలిపోయింది.

మర్చిపోయి మానుకున్నది కాదు. అప్పుడు వాళ్ల గొర్రెల మంద సోమందేపల్లె దిక్కు చేన్లల్లో ఉండేది. ఎరువు కోసమని రైతులు దుడ్లిచ్చి పిలిచి, రాత్రిళ్లు గొర్రెల్ని చేన్లో పండబెట్టించుకుంటారు. నాయన సుంకప్పకు చలిజ్వరం పట్టి లేవలేకపోయినాడు. అమ్మ హనుమంతమ్మ ఆయన్ను ఆసుపత్రికి పిలుచుకుపోయింది. నూటిరవై గొర్రెల కాడ ఎవరో ఒకరు ఉండాల కదా. ఆ పరీక్ష రాయకుంటే ఏమైతాదని ఈశ్వరి పోయి లెక్చరర్‌ను అడిగింది.

"అది లెక్కలోకి రాదులేమ్మా, మార్కులు కలపరు. పో," అన్నాడాయన.

మార్కులు కలపరన్నది నిజమే. అది పాసుకాకుంటే ఇంటరే పాసుకాదన్నది ఆయన చెప్పలేదు. రెండో సంవత్సరంలో మళ్లీ రాసుకోవచ్చని కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఈ మాట దగ్గరికి వస్తే ఈశ్వరి గొంతు లేస్తాది.

మేలో సప్లిమెంటరీ. అది తప్పితే ఏడాది పోయినట్టే. ఏడాది ఇంట్లో కూర్చుంటే మళ్లీ చదువుకు పంపరని ఆమెకు తెలుసు. మేనత్త కొడుకు కేశవతో సంబంధం మాట అప్పటికే హనుమంతమ్మ నోట రెండుసార్లు వచ్చింది.

కాలేజీకి పోతే సెలవులు. వాచ్‌మన్ బసప్ప, గుమాస్తా ఇంటికాడ ఉండాడన్నాడు. గుమాస్తాను పట్టుకుంటే, ఫీజు కట్టాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాలన్నాడు. ప్రిన్సిపాల్ పెండ్లికని కదిరికి పోయినాడు. మూడోరోజు దొరికినాయన, ఆ పరీక్ష తప్పనిసరని నోటీసు బోర్డులో పెట్టినాం కదా, చూసుకోవద్దా అని ఈమెనే మందలించినాడు. ఆ బోర్డుకు అద్దం పగిలి ఏ కాలమో. అతికించిన కాగితాలు సాయంత్రానికి గ్రౌండులో ఎగురుతాంటాయి. ఆ మాట ఈశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. సంతకం ఇంకా పడలేదని మింగేసింది.

పరీక్ష గోరంట్లలో పడింది. చివరి పెద్ద ప్రశ్న, అతిగా మేపడం వల్ల భూమి ఎడారిగా ఎట్లా మారుతుందో వివరించమని. పుస్తకంలో జవాబు ఆమెకు కంఠతా వచ్చు. గొర్రెలూ మేకలూ గడ్డిని వేళ్లతో సహా పీకుతాయి, మట్టి వదులవుతాది, గాలి మోసుకుపోతాది. పెన్ను పట్టుకోని పది నిమిషాలు ఊరకే కూర్చుంది. మంద పండిన చేన్లో శెనక్కాయ ఎట్లా వస్తాదో ఆమె చూసింది. గడ్డి పలచబడక ముందే నాయన మందను ఇంకో దిక్కు మళ్లిస్తాడని తెలుసు. అదంతా రాయాలని ఉండింది. దిద్దేటాయనకు నచ్చకుంటే? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చేసింది. గొర్రెలు అన్న మాట ఏడుసార్లు వచ్చింది.

జూన్‌లో ఫలితం వచ్చింది. పాసు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్న ఆ సాయంత్రం, దాచుకోలేక గొర్రెల దొడ్డికాడికి పోయి నాయనకు చెప్పింది.

"గొర్రెలు మేసి మేసి భూమిని ఎడారి చేస్తాయని రాసినా నాయనా."

సుంకప్ప ఒక గొర్రెపిల్ల నోరు తెరిచి మందు పోస్తాండాడు. ఆపలేదు.

"అట్ల రాసినందుకే పాసు చేసినారా?"

"చేసినారు."

"ఆ పుస్తకం రాసినాయప్ప యాడుంటాడు పాపా?"

"తెలీదు."

"తెలిస్తే చెప్పు. మన మందను ఆయప్ప చేన్లో ఒక రాత్రి పండబెట్టి వస్తా. దుడ్లు గూడా వద్దు."

వెనక నిలబడిన హనుమంతమ్మ నవ్వింది. ఈశ్వరికి నవ్వు రాలేదు. డిగ్రీలో చేరాలంటే టీసీ కావాల, స్టడీ సర్టిఫికెట్ కావాల. రెండూ ఆ కాలేజీలోనే ఉండాయి. పొద్దున ఏడు గంటల బస్సుకు మళ్లీ పోవాల. కాగితాలు చేతికి వచ్చేదాకా గుమాస్తా ముందు నుంచి లేచేది లేదని చెప్పి, మధ్యాహ్నానికి కూడా సంగటి కట్టిపెట్టమంది అమ్మను.