బోర్డు తిప్పి గీసిన బొమ్మ

మంగళవారం మధ్యాహ్నం యూనివర్సిటీలో మా సెక్షన్ ప్రింటర్ కాగితం మింగి కూర్చుంది. వెనక మూత తీసి, మోకాళ్ల మీద కూర్చుని, చిరిగిన ముక్క ఎక్కడ ఇరుక్కుందా అని వెతుకుతుంటే ఫోన్ మోగింది. కింది ఇంటి ఆంటీ. "మీ సారు పోయిన్రమ్మా" అంది. "అన్నం తిని కుర్చీల కూసున్నరు. చాయ్ తీస్కపోయిన. లేస్తలేరు." నేనేమన్నానో గుర్తులేదు. ప్రింటర్ మూత పెట్టకుండానే బయటికి వచ్చేశాను. ఆటో తార్నాక చేరేదాకా చేతికి అంటిన నల్లపొడిని చూసుకుంటూ కూర్చున్నాను.

ఈ బ్లాగు చదివేవాళ్లకు ఆయన కొత్త కాదు. "కింది సార్" అని నేను రాస్తూ వచ్చింది ఆయన గురించే. మా ఇంటి కింద పోర్షన్‌లో భార్యతో, అదే మా ఆంటీతో, ఉండేవారు. నేను పనిచేస్తున్న యూనివర్సిటీలోనే, ఫిజిక్స్ ల్యాబులో పరికరాలు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. మొదట్లో సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. "నేనేం పాఠాలు చెప్పలే బిడ్డా, స్క్రూలు తిప్పిన" అనేవారు. నేను వినలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు.

మాది అనంతపురం. నాన్న ఉద్యోగంతో పాటు హైదరాబాద్ వచ్చాం. అడిక్‌మెట్‌లో కొన్నేళ్లు ఉండి ఈ ఇంటికి మారిన రోజే అమ్మ మిక్సీ ఆగిపోయింది. సగం రుబ్బిన పిండి గిన్నెలో ఉంది. మెట్ల మీద ఎదురైన ఆయనతో అమ్మ ఊరికే ఆ మాట అంది, ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని పైకి వచ్చారు. గంటసేపట్లో మిక్సీ తిరిగింది. అయితే మూత బిగించే ముందు ఆయన వంటింట్లోంచి ఒక్క అన్నం మెతుకు అడిగారు. ఒక చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో ఏదో రాసి, మెతుకు పూసి, మిక్సీ లోపలి గోడకి అంటించి, ఆరేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు.

"ఏమి సార్, లోపల కాగితం అంటిస్తిరే? చీమలు రావా?" అంది అమ్మ.

"ఒక్క మెతుకమ్మా. ఆరినంక చీమకు గూడ దొరకది. ఇంకోసారి ఇప్పెటోనికి నేనేం చేసిన్నో తెల్వాలె గదా."

ఆ చీటీలో ఏముందో నేను వంగి చదివాను. "మోటరు బ్రష్షులు మార్చిన. ఒక స్క్రూ పోగొట్టిన. వేరేది పెట్టిన." పోగొట్టిన సంగతి ఎవరూ అడగలేదు. మేం చూడను కూడా లేదు. అయినా రాశారు.

ఆయన చేయిపెట్టిన ప్రతి వస్తువు కడుపులోనూ అలాంటి చీటీ ఉంటుంది. ఈ వీధిలో ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, టీవీ రిమోట్లు విప్పి చూడండి, దొరుకుతాయి. ఒకసారి ఆఫీసు పనిమీద ఆయన పాత ల్యాబుకి వెళ్తే, అక్కడ రీసెర్చ్ చేస్తున్న ఒకమ్మాయి పాత పవర్ సప్లై పెట్టె విప్పి నాకు చూపించింది. "ఫ్యూజు దొరకలే. తీగ కట్టిన. ఇది తప్పు. దొరకంగనే మార్చాలె" అని ఉంది లోపల. దాని కిందే ఇంకో చీటీ. "మార్చిన." నేను ఇంటికొచ్చి చెబితే ఆయన సిగ్గుపడ్డారు. "ఆ తీగ ఉన్నన్ని దినాలు నాకు అన్నం సయించలే" అన్నారు.

నేను బ్లాగు మొదలుపెట్టాక మొదటి పాఠకుడు ఆయనే. పాత ఫోన్‌ని గోడ గడియారంగా మార్చడం, మూగబోయిన రేడియోకి మాట తెప్పించడం, ఇలాంటి చిల్లర పనులే నేను రాసేవి. ఆయన వాటిని చదివి వదిలేసేవారు కాదు, ఎక్కించుకునేవారు. ఆంటీ ఫోన్ ముందు పెట్టుకుని, భూతద్దం పట్టుకుని, నేను రాసిన ప్రతి ముక్కా పొడవాటి నోట్‌బుక్‌లోకి కాపీ చేసుకునేవారు. వైర్లు ఎలా కలపాలో చూపే బొమ్మలు స్కేలు పెట్టి గీసేవారు. ఎందుకు సార్ ఇంత శ్రమ, ప్రింట్ తీసిస్తాను కదా అంటే, "చదివితె కండ్లకు ఎక్కుతది. రాస్తెనే చేతికి ఎక్కుతది" అనేవారు. పేరున్న పత్రికలో అచ్చయినా నాకు అంత గర్వం ఉండేది కాదేమో.

ఆదివారం పొద్దున ఇద్దరం క్యాంపస్‌లో నడిచేవాళ్లం. ఆయన చెట్లను, భవనాలను చూసేవారు కాదు. వీధిదీపాల స్తంభాల కింద తెరుచుకున్న పెట్టెల్లోకి తొంగిచూసి, "ఎవడో తొందరల కట్టిండు" అని గొణిగేవారు. తొందర అనేది ఆయన దృష్టిలో తిట్టు. నన్ను కూడా ఎన్నోసార్లు ఆ తిట్టు తిట్టారు.

ఆయన నాకు పదేపదే చెప్పిన జాగ్రత్త ఒకటుంది. సర్క్యూట్ బోర్డుకి పార్టులు ఒకవైపు ఉంటాయి, వాటిని అతికించే టంకం ఇంకోవైపు. బొమ్మ గీయడానికి బోర్డు తిప్పితే ఎడమది కుడి అవుతుంది, కుడిది ఎడమ. అందుకని తిప్పే ముందే బోర్డు మూలన ఆంటీ నెయిల్ పాలిష్‌తో ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. ఎటు తిప్పినా మొదట ఆ చుక్క ఎక్కడుందో చూసుకోవాలి. "ఇంత చిన్నదానికి చుక్క ఎందుకు సార్" అని నేను నవ్వేదాన్ని. "చిన్నదాన్నే మరుస్తం బిడ్డా" అనేవారు.

ఎమర్జెన్సీ లైటులో బ్యాటరీ మార్చడం గురించి రాసిన రోజున నేను చుక్క పెట్టలేదు. బోర్డు తిప్పి గీశాను. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. అది గమనించకుండా, బాగా కుదిరిందని మురిసిపోయి, మూలన నా అలవాటు ప్రకారం ఒక నక్షత్రం కూడా గీసి పోస్టు పెట్టేశాను.

నాలుగైదు రోజులకు ఒక పాఠకుడు ఆ పోస్టు కింద రాశాడు. "మీరు గీసినట్టే కలిపాను. పొగ వచ్చింది. మా అమ్మ హడలిపోయింది." వెంటనే బోర్డు తీసి చూసుకున్నాను. తప్పు నాదే. ఏం చేశానో ఇప్పుడు చెబుతున్నాను. పాత బొమ్మ తీసేసి కొత్త బొమ్మ పెట్టాను. ఆ పాఠకుడి మాటని చెరిపేశాను. జవాబు కూడా ఇవ్వలేదు. పది నిమిషాల పని. ఎవరూ చూడలేదులే అని చేతులు దులుపుకున్నాను.

మూడు వారాలకు కాచిగూడ నుంచి ఆంటీ తమ్ముడు ఒక ఎమర్జెన్సీ లైటు పట్టుకొచ్చాడు. సార్ నోట్‌బుక్ తెరిచి, నా బొమ్మ ప్రకారం వైర్లు పెట్టుకుని, కలిపే ముందు అలవాటుగా మీటర్ ఆనించి చూశారు. తేడా కొట్టింది. నోట్‌బుక్ చంకలో పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ మా మెట్లెక్కి వచ్చారు.

"బిడ్డా, ఆ లైటు బొమ్మ ఒకసారి చూపియ్."

చూపించాను. తెర మీద ఉన్నది కొత్త బొమ్మ. ఆయన తెరను చూశారు, నోట్‌బుక్ చూశారు, మళ్లీ తెరను చూశారు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని ఇంకోసారి చూశారు.

"అరే. నేనే తిరగేసి గీస్కున్న" అన్నారు. "గిట్ల ఎన్నడు కాలే. కండ్లు పోయినట్టున్నయ్ బిడ్డా."

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట. "మీరు సరిగ్గానే చూశారు సార్, నేనే మార్చాను." అది అనకుండా "అలాంటిదేం లేదులెండి సార్" అన్నాను. వినేవాళ్లకు అది ఓదార్పులా ఉంటుంది. ఆయన తలూపి మెట్లు దిగారు. ఒక్కో మెట్టు చూసుకుని దిగారు. అంతకుముందు ఆయన మెట్లను చూసి దిగేవారు కాదు.

ఆ వారంలోనే టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ బిస్కెట్ల డబ్బాలోకి వెళ్లింది. ఎవరైనా ఫ్యానో మిక్సీయో పట్టుకొస్తే, "ఇప్పుడు చేస్తలేనయ్యా. నా మీద నాకు నమ్మకం లేదు" అని పంపించేసేవారు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. "కండ్లు మంచిగనే ఉన్నయంటున్నడు. మరి బుర్రనేనేమో" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

నాకు తెలుసు. ఆయన చేతులకేమీ కాలేదని, కళ్లకేమీ కాలేదని ఈ తార్నాకలో తెలిసింది నా ఒక్కదానికే. నాలుగు నెలలూ తెలుసు. ఆఫీసు ఆడిట్ అయ్యాక చెబుదామనుకున్నాను. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను. ఒక ఆదివారం క్యాంపస్‌లో రాతి బెంచీ మీద కూర్చున్నప్పుడు ధైర్యం చేసి మొదలుపెట్టాను. "సార్, ఆ లైటు బొమ్మ సంగతి..." ఆయన నా భుజం మీద తట్టారు. "ఇడిసిపెట్టు బిడ్డా. వయసైనంక అయితది. నువ్వు మనసుల పెట్టుకోకు." నా తప్పుకి ఆయనే నన్ను ఓదారుస్తున్నారు. నేను ఆ ఓదార్పు వెనక దాక్కున్నాను. చాయ్ తాగి ఇంటికొచ్చేశాం. అదే మా చివరి నడక. తర్వాత ఆయన క్యాంపస్‌కి రావడం కూడా మానేశారు. కుర్చీలో కూర్చుని వీధిని చూసేవారు.

ఆ బొమ్మ వల్లే పోయారని నేననను. గుండె ఆగిపోయిందన్నారు, వయసు కూడా ఉంది. కానీ ఆ చివరి నాలుగు నెలలు ఆయన ఖాళీ చేతులతో కూర్చున్నారంటే దానికి కారణం నేనే.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆంటీ నన్ను లోపలికి పిలిచి ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టింది. "ఇందుల అన్ని నీ రాతలే గదమ్మా. నువ్వే ఉంచుకో." ఆయన పనిబల్ల దగ్గరే నిలబడి తిప్పాను. లైటు పేజీ వచ్చింది. నా పాత బొమ్మ, నేను గీసిన తప్పుతో సహా, మూలన నా నక్షత్రంతో సహా, గీతకు గీత అలాగే ఉంది. ఆయన దాన్ని చెరపలేదు. చదవడానికి వీలుండేలా ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైన బొమ్మ వేసుకున్నారు. కింద మెతుకుతో అంటించిన చీటీ.

"తిరగేసి గీసిన. తప్పు నాది. ఆ బిడ్డ మంచిగనే గీసింది."

తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత నేను రాసినవేవీ ఆయన ఎక్కించుకోలేదు. అక్కడే బల్ల పట్టుకుని ఏడ్చాను. ఆంటీకి అంతా చెప్పాను. ఆమె వంగి ఆ చీటీని చూసింది.

"ముందుగల్ల చెప్తె ఏమైతుండెనమ్మా?" అంది చివరికి. "నిన్ను తిట్టి, నవ్వి, డబ్బ మూత తీస్తుండె. రోజు ఆ డబ్బ దిక్కే చూస్తుండె సారు."

ఆమె నన్ను క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు.

ఈ బ్లాగులో ఎమర్జెన్సీ లైటు పోస్టుకి ఇవాళ పాత బొమ్మను తిరిగి పెట్టాను. దాని మీద అడ్డగీత ఉంటుంది, పక్కన సరైనది ఉంటుంది. పాత బొమ్మ చూసి ఎవరైనా వైర్లు కలిపి ఉంటే వెంటనే విప్పేయండి. పొగ వచ్చిందని రాసిన పాఠకుడా, మీ మాట నేను చెరిపేశాను, ఇక తిరిగి రాదు. మీ పేరు కూడా నాకు గుర్తులేదు. మీకూ, మీ అమ్మగారికీ నా క్షమాపణ.

ఇది రాసే ముందు నోట్‌బుక్ పట్టుకుని కిందికి వెళ్లాను. ఒక కాగితం ముక్క మీద ఆయన పెన్సిల్‌తోనే రాశాను. "బొమ్మ తప్పు గీసింది నేను. మార్చి దాచింది నేను. సార్ సరిగ్గానే చూశారు, సరిగ్గానే గీశారు." వంటింటి గుమ్మంలో నిలబడి ఆంటీని ఒక్క మెతుకు అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసింది, గిన్నె మూత తీసి నా అరచేతిలో పెట్టింది. ఆయన చీటీ కిందే నాది అంటించాను. ఆరేదాకా వేలు తీయొద్దు బిడ్డా అనేవారు ఆయన. బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూత పెట్టే ఉంది. ఆంటీ వచ్చి పక్కన నిలబడింది. నేను వేలు తీయలేదు.