నోరు బొమ్మ క్లిప్పు

ఆ రోజుల్లో నేను కాలంలో అటూ ఇటూ ప్రయాణాలు చేసేవాణ్ణి. అందుకు యంత్రమేదీ లేదు. (తొమ్మిదో తరగతిలోనే బడీ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం కాబట్టి, యంత్రాల సంగతి నన్నడిగి లాభం లేదు.) వైట్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద ఆఫీసు ప్యాంట్రీలో కాఫీలు కలిపే కొలువు నాది. ఆ ఆఫీసు ఒక వారం ఆస్ట్రేలియా గడియారానికి, ఇంకో వారం అమెరికా గడియారానికి తలూపేది. వాళ్ళతోపాటు నేనూ. రేపటివాళ్ళకు టీ ఇచ్చి, నిన్నటివాళ్ళకు కాఫీ కలిపి, హూడిలోని నా గదికి చేరేసరికి ఇవాళ అన్నది ఎటు పోయిందో తెలిసేది కాదు. మంగళవారం రెండుసార్లు వచ్చి, గురువారం అసలే రాని వారాలు నా బతుకులో చాలా ఉన్నాయి. ఒకే పూట రెండుసార్లు స్నానం చేసి, రెండు రోజులు స్నానమే మరిచిపోయేవాణ్ణి. ఫోన్లో తేదీ చూసుకోవచ్చుగా అంటారేమో. ఫోను తేదీ చెబుతుంది గానీ, నేను అన్నం తిన్నానో లేదో చెబుతుందా?

అందుకని ఒక పరికరం కనిపెట్టాను. కిటికీ ఊచలకు అడ్డంగా ఒక తాడు, దానికి నాలుగు బట్టల క్లిప్పులు. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీసి అతికించాను: కంచం, చెంబు, తలగడ, నోరు. లేవగానే అన్నీ ఎడమ కొసకు నెట్టాలి. తింటే కంచం కుడికి, స్నానం చేస్తే చెంబు కుడికి, పడుకోబోయే ముందు తలగడ కుడికి. ఎవరితోనైనా మాట్లాడితే నోరు కుడికి. ఇందులో నేనే పెట్టుకుని, చీటీ మీద రాసి కిటికీ పక్కన అతికించిన కఠినమైన నిబంధన ఒకటుంది. "చక్కెర తక్కువా సార్" అన్నది మాట కాదు. సూపర్‌వైజర్ తిట్టింది అసలే కాదు. నా సంగతి ఒకరు అడగాలి, నేను బదులివ్వాలి.

నాలుగు రోజులయ్యేసరికి మూడు క్లిప్పులు బస్సుల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. నోరు మాత్రం ఎడమ కొసన తుప్పు పట్టేలా ఉంది. పదకొండో రోజున దానితో బేరం పెట్టుకుని, అదీ ఆ చీటీలోనే రాశాను. "ఆదివారంలోగా కదిలితే సరే. లేకుంటే సంచీ సర్దుకుని కదిరికి పోతా. అక్కడ నాతో పోట్లాడేదానికైనా మా చిన్నమ్మ ఉండాది."

శుక్రవారం లేచి చూస్తే నోరు కుడివైపున ఉంది!

నేనెవరితో మాట్లాడాను? మాట్లాడి మరిచిపోయానా? లేక వచ్చే వారం నుంచి నేనే వెనక్కి వచ్చి జరిపిపోయానా? (కాలంలో తిరిగేవాడికి ఇలాంటి అనుమానాలు న్యాయమే.) చివరికి అనుమానం నాతో గది పంచుకునే తలగడ మామ (పేరు నేను పెట్టిందే) మీదికి పోయింది. ఆయనను నేనెన్నడూ చూడలేదు. ఆ గదిలో ఒకటే మంచం, ఇద్దరు మనుషులం. నేను డ్యూటీకి పోతే ఆయన పడుకుంటాడు, నేను వస్తే ఆయన డ్యూటీలో ఉంటాడు. ఎక్కడో సెక్యూరిటీ గార్డని, కోలారు వైపు మనిషని ఓనరమ్మ చెప్పింది. నాకు తెలిసిందల్లా తలగడలో ఆయన తల చేసిన గుంట, కొబ్బరినూనె వాసన.

శనివారం మధ్యాహ్నం అలారానికి అరగంట ముందే మెలకువ వచ్చింది. కళ్ళు మూసుకుని పడుకున్నాను. తలుపు తీసిన చప్పుడు, బూట్లు విప్పిన చప్పుడు. మంచం కోడు దగ్గర ఎవరో కూలబడ్డారు.

"ఏమప్పా, వచ్చినా. ఈ పొద్దు గేటు కాడ ఎండ సుమ్నే, ఊరికే మాడ్చేసినాది. మా సారు కుర్చీ కూడా తీసేసినాడు, నిలబడే ఉండాల్నంట. ఉండనీ, నాకు కాళ్ళు ఉండాయి, ఆయప్పకు కుర్చీ ఉండాది. నీ కత చెప్పు. తిన్నావా?"

నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"తిన్నావా అంటి? దినామూ 'ఊ' అంటావు, ఈ పొద్దు ఏమాయెనప్పా? ఒళ్ళు బాగలేదా?" గరుకు చెయ్యి ఒకటి నా నుదుటిమీద పడింది. కాసేపు ఉండి లేచిపోయింది. సన్నగా కళ్ళు తెరిచి చూశాను. ఖాకీ ప్యాంటు, నెరిసిన వెనకతల, కిటికీ దగ్గర నోరు క్లిప్పును పట్టుకున్న రెండు వేళ్ళు. "బదులు చెప్పలేదు. జరిపితే తప్పవుతుంది" అని తనలో తాను గొణుక్కుని, ఆయన క్లిప్పును వదిలేశాడు.

నిబంధన నాది. పాటించింది ఆయన. నిద్రమత్తు గొంతు పెట్టి "ఊ..." అన్నాను.

"అట్లా చెప్పు మరి!" క్లిప్పు సర్రున కుడికి పోయింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి, అట్నుంచి అటే భోజనానికి పోయాడు; రోజూ నేను డ్యూటీకి పోయాకే తిరిగొస్తాడు కాబోలు.

లేచి ఆయన వచ్చేదాకా కూర్చుని "మామా, నేను మేలుకునే ఉన్నా" అని ఉండొచ్చు. అనలేదు. మేలుకున్నానని తెలిస్తే, ఆ కుర్చీ సంగతి నాకు చెప్పడానికి సిగ్గుపడతాడేమో అనిపించింది. కదిరికి పోలేదు. ఆ తర్వాత నా అమెరికా వారాలన్నిటా అరగంట ముందే లేచి, గురక పెడుతూ 'ఊ' కొట్టాను. (అంత కష్టమైన డ్యూటీ మరెక్కడా చేయలేదు.)

ఒకరోజు వచ్చేసరికి తలగడలో గుంట లేదు. మామకు వేరే చోట డ్యూటీ వేశారని ఓనరమ్మ చెప్పింది. నోరు క్లిప్పు మాత్రం కుడి కొసన ఉంది. దాన్ని మళ్ళీ ఎడమకు నెట్టడానికి చేతులు రాలేదు. అలాగే విప్పి జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో పగటి డ్యూటీ, వారానికి ఒకటే మంగళవారం. క్లిప్పు వంటింట్లో రవ్వ సంచీ మూతిని పట్టుకుని ఉంది. మా ఆవిడకు మాత్రం ఒక అనుమానం తీరలేదు. "నిద్రలో ఎవరికో 'ఊ' కొడతా ఉంటావు. ఎవురు ఆయమ్మ?" అని నిలదీస్తుంది. గేటు దగ్గర ఎండలో నిలబడి వచ్చిన ఒక ముసలాయన అంటే నమ్ముతుందా? అందుకే దానికీ ఊ కొట్టి ఊరుకుంటాను.